ఊరికే ఉన్నప్పుడు

బరంపురం నుంచి బస్సులో
ఒళ్లో పెట్టుకుని తెచ్చాను కొత్త ప్రాసెసర్‌ని.
పన్నెండు కోర్లు. అట్టపెట్టె నా టిఫిన్ డబ్బా కన్నా చిన్నది,
ధర మాత్రం కొట్టుకి ఆరు నెలల అద్దె.

మూడో రోజు రాత్రి ఆగిపోయింది.
మా పర్లాకిమిడిలో శుభలేఖకి రెండు ముఖాలు.
ఒడియా వైపు పెళ్లికూతురు పూర్తయింది,
తెలుగు వైపు పెళ్లికొడుకు పేరుకి ఒత్తుందో లేదో
వాళ్ల మేనమామకి ఫోన్ చేసి కనుక్కుంటున్నాను.
తిరిగి చూస్తే కర్సర్ కొట్టుకోవడం లేదు.
మౌసు కదలదు. కీబోర్డు మీద ఏ దీపమూ వెలగదు.
ఫ్యాన్ మాత్రం తిరుగుతోంది
శవం ఉన్న గదిలో ఫ్యాన్‌లా.

మళ్లీ లేపి లాగ్ తెరిచాను.
తొమ్మిదీ పదిహేడు దాకా బుద్ధిగా రాసుకుంది:
గడియారం సరిచేశాను, ప్రింటర్ పలకలేదు.
ఆ తర్వాత తెలుపు.
పోయినవాడు తన పోవడం గురించి డైరీ రాయడు కదా.

అనుమానించడం మొదలుపెట్టాను,
వరసగా కాదు, కోపంగా.
ఇన్వర్టర్‌ని తిట్టి పీకేశాను.
ర్యామ్ కడ్డీలు ఊడదీసి, రబ్బరుతో రుద్ది,
ఒక్కోదానికీ రాత్రంతా పరీక్ష పెట్టాను. ఒక్క తప్పూ లేదు.
కెర్నెల్ కొత్తది వేశాను. పాతది వేశాను. మళ్లీ కొత్తది.
బయోస్ మార్చే ఆ నాలుగు నిమిషాలూ
లైన్ తీయొద్దని లైన్‌మన్ పాణిగ్రాహిని
ఫోన్లో బతిమాలాను. పాపం, ఆగాడు.
చివరికి పన్నెండు కోర్లనీ ఒకేసారి బాదాను.
ఎనభై ఏడు డిగ్రీలు, ఆరు గంటలు.
ఎడ్లజతలా లాగింది, నురగ కూడా రాలేదు.
సరేలే అని ఆపి
వంతెన దాకా వెళ్లి టీ తాగొచ్చేసరికి
చచ్చి ఉంది.

అప్పుడొచ్చాడు జుధిష్ఠిర్ మహారాణా,
కొమ్ముతో కొంగల్ని, రొయ్యల్ని చెక్కే ముసలాయన,
డబ్బాల మీదికి లేబుళ్లు కావాలని.
కూర్చున్నాడు. మోకాలి మీద కుడిచెయ్యి వణుకుతోంది,
బొటనవేలూ చూపుడువేలూ కలిసి
కనపడని మాత్ర ఏదో నలుపుతున్నట్టు.
నేను తెర వైపు తిరిగాను. తెర నల్లగా ఉంది.

"పన్లో ఉంటే ఇది వొణకదు పాపా" అన్నాడు తనే.
"ఆకురాయి పట్టుకున్నానంటే
రొయ్యకి మీసం తీస్తాను, ఎంట్రుకంత.
ఊరికే కూకుంటేనే దీనికి రోగం."

ఊరికే కూకుంటేనే.

లేబుళ్లు పక్కనపెట్టి లెక్కేసుకున్నాను.
టీకి వెళ్లినప్పుడు. ఒత్తు కనుక్కుంటున్నప్పుడు.
అక్కతో ఫోన్లో పోట్లాడిన ఆదివారం, రెండుసార్లు.
ఎప్పుడూ పని మధ్యలో కాదు.
పని లేకపోతే కోర్లు ఒక్కొక్కటే పడుకుంటాయి,
మెట్టు మెట్టు దిగి అడుగుకి పోతాయి,
అక్కడ కరెంటు దారమంత సన్నం.
మా దానికి ఆ దారం తెగుతోంది. పిలిస్తే పైకి రాలేకపోతోంది.

బయోస్‌లో ఎవరూ తెరవని మెనూ ఒకటుంది.
ఖాళీగా ఉన్నా కరెంటు మరీ తగ్గించకు అని
అక్కడ ఒక గడి మార్చాను.
అడుగుదాకా దిగొద్దని కెర్నెల్ వరస చివర
ఇంకో ముక్క తగిలించాను.

లేచి ఎన్నాళ్లైందని అడిగితే
పంతొమ్మిది రోజులంటోంది ఇవాళ.
బాగుచేశానో, నిద్ర చెడగొట్టానో
నాకింకా తేలలేదు.
మీటరు కాస్త ఎక్కువ తిరుగుతోంది, అది మాత్రం తెలుసు.

ముసలాయన లేబుళ్ల కోసం వచ్చాడు.
"నీ మిషన్‌కేం చేసినావు?"
"పడుకోనివ్వడం లేదు తాతా."
"అయ్యో" అన్నాడు, నన్ను కాదు, దాన్ని చూసి.

కట్ట చంకలో పెట్టుకుని, గుమ్మంలోనే ఆగి
జేబులోంచి కొమ్ముముక్క తీశాడు, ఆకురాయి తీశాడు.
చెయ్యి నిలబడింది.
రాసుకుంటూనే మెట్లు దిగిపోయాడు.

గడప మీద సన్నటి నల్లపొడి.
ఇంకా ఊడవలేదు.